పాత తొమ్మిది, కొత్త ఇరవై రెండు

పొద్దున ఏడున్నర కాకముందే ఏకాంబరం వీధి మలుపులో ఉన్న పాత కల్యాణమండపం ముందు స్కూటర్లు వరుస కట్టేవి. చెన్నై ట్రిప్లికేన్‌లో పెళ్ళిళ్ళు ఏసీ హాళ్ళకు తరలిపోయాక ఆ మండపాన్ని పార్సిళ్ళ డిపో చేశారు. వధూవరులు కూర్చునే వేదిక మీదే ఇప్పుడు పెట్టెలు వేరుచేస్తారు. ఆనాటి ఎర్ర మఖమల్ కుర్చీలు రెండూ ఇంకా అక్కడే ఉన్నాయి. ఒకదాంట్లో సూపర్‌వైజరు బాలగురు కూర్చుని పేర్లు పిలుస్తాడు. రెండోదాంట్లో ఎవరూ కూర్చోరు. పెళ్ళికాని కుర్రాళ్ళకు సిగ్గు, పెళ్ళయినవాళ్ళకు భయం.

పూంగొడి అక్కడ ఐదేళ్ళుగా పని చేస్తోంది. నలభైకి రెండేళ్ళు తక్కువ. సొంత స్కూటరు, సొంత పెట్రోలు, సొంత నడుము. కంపెనీ ఇచ్చింది ఒక నీలం సంచీ, ఫోన్‌లో ఒక యాప్. ఆ యాప్‌కి ఎవరు ఎన్ని నిమిషాలు ఆలస్యమయ్యారో తెలుసుగానీ, ఏ వీధి ఎక్కడుందో తెలియదు. ఏకాంబరం వీధికి దారి చూపమంటే ఎర్ర చుక్కని తీసుకెళ్ళి మెరీనా అలల్లో పెట్టేది. కొత్తగా చేరిన వాడొకడు దాన్ని నమ్మి ఇసుకలోకి బండి దింపి, సవారీ గుర్రాల వాళ్ళచేత లాగించుకుని తిరిగొచ్చాడు. ఆలస్యానికి రేటింగులో ఒక నక్షత్రం కోత పడింది కూడా.

ఇక బరువు సంగతి. పార్సిలుకి రెండు బరువులుంటాయి. పెట్టె మీద అచ్చువేసింది ఒకటి, మోసేవాడి నడుముకి తెలిసేది ఒకటి. తెప్పించుకున్న మనిషి ఎంత ఎదురుచూస్తే పార్సిలు అంత బరువెక్కుతుంది. ఎండకి తారు మెత్తబడినట్టే ఇదీను, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. తీరా గుమ్మంలో అందించాక ఆ మనిషి చేతికి మాత్రం అది అసలు బరువే తూగుతుంది. లిఫ్టు పనిచెయ్యని భవనంలో నాలుగో అంతస్తు దాకా మనం రొప్పుతూ మోసుకెళ్తే, వాళ్ళు రెండు వేళ్ళతో అందుకుని, ఇంతసేపా అని అడుగుతారు. వాళ్ళనీ అనడానికి లేదు. చిక్కల్లా ఏమిటంటే, యాప్‌లో ఆ రెండో బరువు రాసుకోవడానికి గడి లేదు.

సముద్రం వైపు కొత్తగా లేచిన ఎత్తు భవనాలకు వెళ్ళే సరుకంతా దూది. నలభై పెట్టెలైనా చిటికెన వేలికి తగిలించుకుని పోవచ్చు. అక్కడి వాళ్ళకు తెప్పించింది ఏమిటో కూడా గుర్తుండదు. పక్క సందుల్లోది మాత్రం నడుములు విరిచే సరుకు. మాన్షన్లలో పన్నెండుమంది ఒక గదిలో ఉండి ఉద్యోగాల పరీక్షలు రాసే కుర్రాళ్ళకు వచ్చే కవరు ఒక్కటి చాలు, స్కూటరు ముందు చక్రం గాల్లోకి లేవడానికి. డిపోలో అందరూ దూది సరుకు కోసం తోసుకునేవాళ్ళు. పూంగొడి మాత్రం బరువు సరుకే అడిగి తీసుకునేది. పిచ్చిదని కొందరు అన్నారు. ఎదురుచూడటమంటే ఏమిటో తనకు తెలుసని, అందుకే మోయగలనని ఆమె ఎవరికీ చెప్పలేదు.

కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పేది తంగవేలు. నలభై అయిదేళ్ళ మనిషి, భార్య పోయి ఏడేళ్ళయింది, మాట తక్కువ. ఆయన పాఠం ఎప్పుడూ ఒకటే. బరువు సరుకు ముందు దింపు, దూది చివరికి ఉంచు. కుక్కకి బిస్కట్టూ వాచ్‌మన్‌కి నమస్కారమూ జేబులో పెట్టుకునే బయల్దేరు. ఫోన్ ఎత్తని ఇంటికి పదిసార్లు ఫోన్ చెయ్యకు, ఒక్కసారి గేటు కొట్టు. అన్నిటికన్నా ముఖ్యం, చేతిలో పెట్టేదాకా 'అందింది' అని నొక్కకు.

పూంగొడి ఆ పాఠానికి ఇంకొకటి కలిపేది. మా ఊళ్ళో ప్రతి గుమ్మానికీ రెండు నెంబర్లుంటాయి. ఎప్పుడో ఒకసారి ఇళ్ళన్నిటికీ కొత్త నెంబర్లు వేశారు, పాతవి చెరపడం మర్చిపోయారు. పాత పద్నాలుగు కొత్త ముప్ఫై ఒకటి అయింది, ఇంకెవరిదో కొత్త పద్నాలుగు అయింది. చిరునామాలో వట్టి పద్నాలుగు అని ఉంటే అది ఏ పద్నాలుగో దేవుడికే తెలియాలి, దేవుడు డిపోలో పనిచెయ్యడు. అందుకని ఆమె ఒక నోటుపుస్తకంలో ఇరవై మూడు వీధుల పాత నెంబర్లూ కొత్త నెంబర్లూ ఎదురెదురుగా రాసుకుంది. బాలగురు సైతం అనుమానం వస్తే, అక్కా ఆ పుస్తకం ఒకసారి, అని చెయ్యి చాపేవాడు.

ఆమె ఉండేది కూడా ఏకాంబరం వీధిలోనే. పాత తొమ్మిది, కొత్త ఇరవై రెండు, మేడమీద ఒంటి గది. వానొస్తే ఒక మూల కురుస్తుంది, వేసవిలో నీళ్ళు మూడో రోజుకి వస్తాయి. అంతకన్నా మంచి గదులు తక్కువ అద్దెకి ఎన్నో దొరికాయి. ఆమె కదల్లేదు. ఎందుకంటే కదిరవన్‌కి తెలిసిన చిరునామా అదొక్కటే.

కదిరవన్ ఆమె మొగుడు. తొమ్మిదేళ్ళ కిందట పోర్ట్ బ్లెయిర్‌లో పడవల మరమ్మతు పని దొరికి వెళ్ళాడు. వెళ్ళే ముందు రోజు ఇద్దరూ బాగా పోట్లాడుకున్నారు. నన్నొదిలి పోయేవాడివి ఫోన్లు చేసి బుజ్జగించొద్దని ఆమె అంది. ఫోన్ చెయ్యను, గది చూసుకుని ఓడ టికెట్ పంపుతా, వచ్చావా నాతో ఉన్నట్టు, రాలేదా లేనట్టు, అని అతను అన్నాడు. ఇద్దరికీ పంతాలే. మూడు నెలల తర్వాత ఆమే పంతం విడిచి ఫోన్ చేస్తే ఆ నెంబరు ఎవరో తెలియని వాళ్ళు ఎత్తారు. మూడో ఏడు ఓడలో వచ్చిన ఊరివాడొకడు, కదిరవన్ అక్కడ సొంత షెడ్డు పెట్టాడనీ, ఇంకో పెళ్ళి చేసుకున్నాడనీ, ఒక కూతురనీ చెప్పాడు. పూంగొడి విని, అతనికి కాఫీ ఇచ్చి పంపింది.

అతను పెళ్ళి చేసుకున్నందుకు ఆమె ఏడవలేదు. టికెట్ పంపనందుకు ఏడ్చింది. పంపి ఉంటే ఆమె వెళ్ళకపోయినా బాగుండేది. రమ్మని ఒక్కసారైనా అడగలేదన్నదే ఆమె గుండెలో ముల్లు. ఇంకో పెళ్ళయిన మగవాడు టికెట్ పంపడని ఆమెకు తెలుసు. అయినా రోజూ సాయంత్రం ఇంటికి రాగానే మెట్ల కింద ఉత్తరాలు పెట్టే గూట్లో చెయ్యిపెట్టి తడిమేది. కరెంటు బిల్లూ, ఇంటాయన తాలూకు పెళ్ళి శుభలేఖలూ తప్ప ఏమీ తగిలేవి కావు. తొమ్మిదేళ్ళలో ఆ తడమడం ఒక్కరోజు మానలేదు. జ్వరం వచ్చిన రోజు కూడా గోడ పట్టుకుని దిగి చూసింది.

మధ్యాహ్నం ఎండ మాడుతున్నప్పుడు ఆమె ఆగే చోటు ఒకటుంది. అదే వీధిలో కొత్త తొమ్మిది, కోమళం మామి ఇల్లు. మామి ఇంటికి వారానికి మూడు పార్సిళ్ళు వచ్చేవి, అన్నీ దూదే. కింది భాగంలో మెట్ల కింద గోనెపట్టా కప్పిన బండ ఒకటి ఉండేది. పాలవాడూ, గ్యాసువాడూ, పూంగొడీ అందరూ దానిమీదే కూర్చునేవాళ్ళు. మామి వాళ్ళు ఆరేళ్ళ కిందట ఆ ఇల్లు కొన్నప్పటికే అది అక్కడుంది. అంతకుముందు కింద అచ్చాఫీసు ఉండేదట, వాళ్ళ సరంజామా తాలూకు రాయేదో అయుంటుందని అనుకున్నారు. ఇంటికి సున్నం వేయించినప్పుడు ముగ్గురు కూలీలు గడ్డపలుగు పెట్టినా కదల్లేదు. దాని చుట్టూ గచ్చు రెండంగుళాలు కుంగింది కూడా. పూంగొడి దానిమీద కూర్చుని మామి ఇచ్చే మజ్జిగ తాగి, చెమట తుడుచుకుని వెళ్ళేది. ఆ చోట కూర్చుంటే ఏమిటో ప్రాణం కుదుటపడుతుంది మామీ, అనేది.

ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, ఒక శుక్రవారం పొద్దున తంగవేలు డిపోలో అందరికీ మిఠాయి పంచాడు. పాత ట్రాలీ బండి ఒకటి కొన్నాడు. గున్నేనుగంటారు మా వైపు వాటిని. బుధవారం దాన్ని తీసుకుని తిండివనం వెళ్ళిపోతున్నాడు. అక్కడ సొంత ఇల్లుంది, ఆ చుట్టుపక్కల పల్లెలకు సరుకు చేరవేసే పని మాట్లాడుకున్నాడు. అందరూ సంతోషించారు. పూంగొడి మిఠాయి నోట్లో పెట్టుకుని, బాగుందంది. ఆమె డిపోలో మగవాళ్ళందరినీ అన్నా అనేది. తంగవేలుని మాత్రం ఏ వరసా పెట్టి పిలవదు. అది బాలగురు మూడేళ్ళ కిందటే కనిపెట్టి, తెలివైనవాడు గనక నోరు మూసుకున్నాడు.

ఆ రోజు పూంగొడి అయిదేళ్ళలో చెయ్యని తప్పు చేసింది. అరచెయ్యంత పెట్టె, మీద యాభై గ్రాములని రాసుంది, తీరా ఎత్తితే బియ్యం మూటంత ఉంది. చిరునామాలో వట్టి పద్నాలుగు. పుస్తకం తీసి చూసుకోకుండా కొత్త పద్నాలుగుకి తీసుకెళ్ళింది. తలుపు తీసిన లాయరు చెయ్యి చాపాడు, అది చేతిలోంచి జారి గడప రాతిని నిలువునా చీల్చింది. నాది కాదమ్మా, అన్నాడు కాలు తడుముకుంటూ. నాదైతే ఇలా ఉండదుగా, అన్నాడు మళ్ళీ, కాస్త దిగులుగా. దాన్ని ఎలాగో స్కూటరు మీదకి ఎక్కించింది. పది గజాలు వెళ్ళేసరికి వెనక టైరు పేలింది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఎండలో టైరు వంక చూస్తూ నిలబడింది. అటుగా వచ్చిన తంగవేలు బండి ఆపాడు. పెట్టెని సంచీలో పెట్టి, ఒక చెవి తను పట్టుకుని రెండో చెవి ఆమె ముందుకి చాపాడు. ఇద్దరూ అలా మోసుకుంటూ పాత పద్నాలుగు దాకా నడిచారు. అడుగులు ఒక్కలాగే పడ్డాయి.

పాత పద్నాలుగులో టైలరు జీనత్ ఉంటుంది. ఆమెది వాళ్ళమ్మ నాటి కుట్టుమిషను, దానికి సరిపోయే బాబిన్ కేసు ఊళ్ళో ఎక్కడా దొరకలేదు. వచ్చే ఆవణి నెల పెళ్ళిళ్ళ జాకెట్లు ముప్ఫై కత్తిరించి పెట్టుకుని పదకొండు రోజులుగా గుమ్మంలో కూర్చుంది. పెట్టెని రెండు వేళ్ళతో అందుకుంది, పళ్ళతో చింపింది, మిషనులో బిగించి తొక్కింది. టకటకా మొదలైంది. వెళ్ళాల్సిన వాళ్ళిద్దరూ వెళ్ళకుండా ఆ చప్పుడు వింటూ నిలబడిపోయారు. జీనత్ టీ ఇచ్చి, పూంగొడి భుజం నొక్కుతూ అడిగింది.

"ఊళ్ళో అందరివీ మోస్తావు. నీకంటూ ఏదైనా వచ్చిందటే ఎప్పుడన్నా?"

పూంగొడి నవ్వింది. ఆ నవ్వు తంగవేలు చూశాడు.

టైరు అతికే కొట్టు దగ్గర నీడలో కూర్చున్నప్పుడు ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఆ బండికి ఇద్దరు కావాలి పూంగొడీ. ఒకరు నడపాలి, ఒకరు దిగి అందించాలి." సంచీ చెవులు సరిచేశాడు. "పని కోసం మాత్రమే అడగట్లేదు. నీకు తెలుసు."

పూంగొడి రోడ్డు వంక చూస్తూ చెప్పింది. "నేను ఆ అడ్రసులో ఉండాలి."

"ఇంకానా?"

"ఇంకానే. వస్తుందని కాదు. వచ్చిన రోజు నేను లేకపోతే?"

తంగవేలు తలూపాడు. బతిమాలే మనిషి కాదు. మంగళవారం దాకా రాయపేటలో మెకానిక్ షెడ్డు దగ్గరుంటాననీ, బుధవారం పదింటికి బయల్దేరతాననీ చెప్పాడు. మొహం చూసి కాదనడం నీకూ కష్టం, వినడం నాకూ కష్టం, వచ్చేటట్టయితే కబురు పంపు, రాకపోతే అర్థం చేసుకుంటా, అన్నాడు. ఆమెకు చిర్రెత్తింది. మగవాళ్ళందరికీ ఈ మాట ఏ బడిలో నేర్పుతారో అనుకుంది. పైకి మాత్రం, మీ సంచీ మర్చిపోకండి, అంది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మెట్లెక్కి గదిలో పడుకుంది. చెవుల్లో కుట్టుమిషను చప్పుడు తిరుగుతూనే ఉంది. సంచీ రెండో చెవి బరువు చేతిలో ఉన్నట్టే ఉంది. కాదన్నందుకు తిట్టుకుంది, అవునని ఎలా అంటానని మళ్ళీ తిట్టుకుంది. అలాగే నిద్రపోయింది.

మంగళవారం మధ్యాహ్నం మామి ఇంటికి ఒక పెట్టె వచ్చింది. పూంగొడి అలవాటుగా మెట్ల కిందకి వెళ్ళి కూర్చోబోయి తమాయించుకుంది. బండ లేదు. కుంగిన గచ్చులో చదరంగా గుంట మిగిలింది, అంతే.

బండ ఏదని అడిగితే మామి లోపల్నుంచి మాట్లాడుతూనే వచ్చింది. "బండ కాదే అది, పెట్టె. శుక్రవారం దీపాలవేళ ఊడుస్తుంటే చీపురు తగిలి పక్కకి జరిగింది. ఎలుక తోసిందేమో అనుకున్నా. ఇవాళ పట్టా తీసి చూస్తే ఇదిగో. ఆరేళ్ళు చెక్కుచెదరలేదు, ఇప్పుడు చూడు, కరివేపాకు కట్టంత ఉంది. నీ పేరేనా ఇది? నాకు అద్దాల్లేకుండా ఆనదు."

మామి దాన్ని ఒంటి చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో కొంగు సర్దుకుంటూ నిలబడింది.

పూంగొడి పేరు చదవకముందే ఆ చేతిని చూసింది. మామి చెయ్యి కొంచెం కూడా వంగలేదు. ఈ పనిలో ఉన్న ఎవరికైనా అది చాలు. పెట్టె కోసం ఎవరూ ఎదురుచూడటం లేదు.

ఆ తర్వాత చదివింది. పూంగొడి, నెంబరు 9, ఏకాంబరం వీధి. కదిరవన్ చేతిరాత. వట్టి తొమ్మిది. అతను ఉన్న రోజుల్లో ఈ వీధిలో కొత్త నెంబరు ఎవరికీ పట్టేది కాదు. తెచ్చిన కొరియరువాడు కొత్త తొమ్మిదికి తెచ్చాడు. అప్పటికే అది వాడి చేతుల్ని తెంచేస్తూ ఉండుంటుంది. మెట్ల కింద దించి, 'అందింది' అని రాసుకుని పోయాడు. అచ్చాఫీసు వాళ్ళు కదపలేక గోనెపట్టా కప్పారు. మొదటి ఏడాది ఆమె ఈ గుమ్మంలోకి వచ్చి, నా పేర ఏమైనా వచ్చిందా అని అడిగింది కూడా. ఏమీ రాలేదన్నారు, దానిమీదే కూర్చుని.

"నీ పార్సిల్ మీదే నువ్వు కూర్చున్నావు కదే ఇన్నాళ్ళూ," అంది మామి మెల్లగా. "ఒక్కసారి పట్టి లేపి చూసుంటే నీ చేతికి వచ్చేసేది."

కూర్చునే బండని ఎవరు లేపి చూస్తారు. పూంగొడి గచ్చు మీదే కూలబడి పెట్టె విప్పింది. రెండు ఆల్చిప్ప గాజులు, ఒక ఓడ టికెట్, ఒక కాగితం ఉన్నాయి. టికెట్ మీద తేదీ తొమ్మిదేళ్ళ కిందటిది. అతను వెళ్ళిన రెండు నెలలకే పంపాడు. కాగితంలో ఎక్కువ రాయలేదు.

"పదిహేడో తారీఖు ఓడ. గది చూశాను, కిటికీలోంచి సముద్రం కనబడుతుంది. జెట్టీ మీద నిలబడి ఉంటా. రాకపోతే ఇంక అడగను."

పంపాడు. ఆమె ఆ ఒక్క మాటే నాలుగుసార్లు పైకి అంది. అడిగాడు, గది చూశాడు, కిటికీ కూడా చూశాడు. పదిహేడో తారీఖున జెట్టీ మీద నిలబడి దిగేవాళ్ళ మొహాలన్నీ చూసి ఉంటాడు. ఇన్నేళ్ళు అతన్ని తిట్టుకుంది. అక్కడ అతను ఎన్నాళ్ళు ఎదురుచూశాడో, ఆ బరువు ఎవరు మోశారో. మామి ముందు సిగ్గుపడకుండా గట్టిగా ఏడ్చింది. మామి మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి, తలుపు దగ్గరగా వేసి, తనూ పక్కన కూర్చుంది.

ఏడుపు తగ్గాక ఇంకో సంగతి తట్టింది. ఎదురుచూపు ఎక్కువైనకొద్దీ పెట్టె బరువెక్కింది. బరువెక్కినకొద్దీ కదల్లేదు. పదమూడు గుమ్మాల దూరం. ఆమె అంతగా ఎదురుచూడకపోతే ఏ అచ్చాఫీసు కుర్రాడో ఎప్పుడో తెచ్చి ఇచ్చేవాడు. తన ఎదురుచూపే దాన్ని పట్టుకుని కూర్చుంది.

"శుక్రవారం దీపాలవేళ అన్నారా మామీ?"

"ఆఁ, విళక్కు వెలిగించబోతూ."

శుక్రవారం సాయంత్రం తను ఏం చేసిందో గుర్తుచేసుకుంది. మెట్లెక్కింది, పడుకుంది. గూట్లో చెయ్యిపెట్టలేదు. శనివారమూ పెట్టలేదు. ఆదివారమూ, నిన్నా పెట్టలేదు. నోటితో ఆ అడ్రసులో ఉండాలని చెప్పిన రోజే లోపల ఎదురుచూపు దిగిపోయింది. ఎప్పుడు దిగిందో తనకే తెలియలేదు. పెట్టెకి తెలిసింది.

గాజుల్ని టికెట్, కాగితాలతో సహా పెట్టెలో పెట్టి, ఇది మీ దగ్గర ఉంచండి మామీ, అంది.

పూంగొడి తిన్నగా డిపోకి వచ్చింది. మూడున్నరకి అక్కడ బాలగురూ, ఇద్దరు కుర్రాళ్ళూ తప్ప ఎవరూ లేరు. కాగితం అడిగి తీసుకుంది. వస్తాను, అని ఒక్క మాట రాసి సంతకం పెట్టింది. చిన్న కవర్లో పెట్టి అతికించి, వేదిక అంచున పెట్టుకుంది. తంగవేలు పేరూ, రాయపేట మెకానిక్ షెడ్డు పేరూ, వీధీ రాసి, పాత నెంబరూ కొత్త నెంబరూ రెండూ వేసింది. రాయపేట వెళ్ళే కుర్రాడికి ఇచ్చి పంపుదామనుకుంది. మొహమాటం తక్కువ, పనీ అయిపోతుంది.

చివరి అంకె వేసి కలం తీసేసరికి వేదిక పలకలు కిర్రుమన్నాయి.

ఆమె కవరు అంచు పట్టుకుని లాగింది. రాలేదు. రెండు చేతులా పట్టింది. గోళ్ళు నొప్పి పుట్టాయిగానీ కవరు రాలేదు. కుర్రాళ్ళిద్దరూ వచ్చి తలో చెయ్యి వేశారు. బాలగురు కుర్చీలోంచి లేచి వచ్చి చూసి, మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. ఒక్క కాగితం ముక్క. ఈ ఐదేళ్ళలో అంత బరువు సరుకు ఆ డిపోకి రాలేదు. కొన్ని వేల ఎదురుచూపులు మోసిన చేతులు ఆమెవి. తనకోసం ఎవరైనా ఎదురుచూస్తే అది ఎంత ఉంటుందో మొదటిసారి పట్టి చూసింది. మాట తక్కువ మనిషి, ఇంత బరువు ఎక్కడ దాచుకుని తిరిగాడో అనుకుంది. ఆమె కళ్ళు మళ్ళీ నిండాయి.

"ట్రాలీ తెప్పించి రేపు పొద్దున పంపిద్దాం అక్కా," అన్నాడు బాలగురు.

"వద్దు. రేపటికి ఇంకా పెరుగుతుంది."

ఫోన్ తీసింది. తొమ్మిదేళ్ళ కిందట ఫోన్ చెయ్యొద్దన్న నోరు అదే. తంగవేలు మొదటి గంటకే ఎత్తాడు.

"మీకో కవరుంది. ఎవరివల్లా కావట్లేదు. మీరే వచ్చి తీసుకోండి."

అవతల రెంచి కింద పడిన చప్పుడు.

పూంగొడి వెళ్ళి వేదిక మీద ఖాళీగా ఉన్న రెండో కుర్చీలో కూర్చుంది. కుర్రాళ్ళు ఒకరినొకరు పొడుచుకుని బయటికి వెళ్ళిపోయారు. బాలగురు తన కుర్చీ ఖాళీ చేసి, పెట్టెలు లెక్కపెడుతున్నట్టు గోడ వైపు తిరిగాడు. అక్కడ లెక్కపెట్టడానికి ఒక్క పెట్టే లేదు.

ఇరవై నిమిషాల్లో గున్నేనుగు వచ్చి మండపం ముందు ఆగింది. తంగవేలు చేతులకి గ్రీజు కూడా కడుక్కోలేదు. వేదిక దగ్గరకొచ్చి, కవరు మీద తన పేరు చూసి, గ్రీజు అంటకుండా రెండు వేళ్ళతో ఎత్తాడు. అది పువ్వులా లేచొచ్చింది. పలకలు తేరుకుని చప్పుడు చేశాయి.

విప్పాడు. ఒక్క మాటే గనక చదవడానికి ఎంతోసేపు పట్టకూడదు, కానీ పట్టింది. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పూంగొడే అడిగింది.

"తిండివనంలో మీ ఇంటి నెంబరు పాతదా, కొత్తదా?"

"అక్కడ ఒకటే నెంబరు."

"అయితే పదండి, గది ఖాళీ చెయ్యాలి," అంటూ ఆమె కుర్చీలోంచి లేచింది.